డెమరేజ్ లేని నిరీక్షణ

ఆర్కే బీచ్ నుంచి చూస్తే సముద్రంలో దూరంగా లంగరు వేసుకున్న ఓడలు కనబడతాయి. విశాఖ జనానికి అది రోజూ ఉండే దృశ్యమే కాబట్టి అవి అక్కడెందుకు ఆగాయని అడిగేవాళ్లు తక్కువ. వాటిలో చాలావాటికి పని ఉన్నది రేవు లోపల. కొన్ని బొగ్గు దించాలి, కొన్ని ఎరువులు దించాలి, కొన్ని ఖనిజం ఎక్కించుకోవాలి. అందుకు బెర్తు, అంటే ఓడను కట్టే చోటు, ఖాళీ కావాలి. లోపలి హార్బరుకు వెళ్లేదైతే యారాడ కొండ పక్కనున్న ఇరుకు ఛానల్‌లో దారి దొరకాలి. పోర్టు పైలట్ ఎక్కాలి, టగ్గులు రావాలి. అన్నీ కుదిరేదాకా ఓడ లంగరు మీదే ఉంటుంది. ఉన్నన్నాళ్లూ దాని అద్దె నడుస్తూనే ఉంటుంది.

అదే బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వైపు వెళితే రుషికొండ వస్తుంది. అక్కడి ఐటీ భవనాల్లోనే కాదు, హైదరాబాదు మాదాపూర్‌లో, బెంగళూరులో, అమెరికాలో మన పిల్లలు పనిచేసే ఆఫీసుల్లో కూడా ఇలాంటి నిరీక్షణే జరుగుతుంటుంది. కోడ్ రాయడం అయిపోయింది. అది సరిగ్గా నడుస్తుందో లేదో చూడడానికి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ కావాలి. అది అడుగుతూ సిస్టమ్‌లో టికెట్ పెట్టారు. స్టేటస్ దగ్గర ‘అప్రూవల్ పెండింగ్’ అని ఉంది. మర్నాడు బృందం రోజూ జరుపుకునే స్టాండప్ సమావేశంలో ‘బ్లాక్ అయి ఉన్నాను’ అంటారు. ఆ మర్నాడు కూడా అదే మాట. ఈ ఓడ మాత్రం ఏ ఒడ్డు నుంచీ కనబడదు.

ఓడల నిరీక్షణను ప్రపంచం ఎన్నో ఏళ్లుగా కొలుస్తోంది. దానికి గణితం ఉంది, ధర ఉంది, ఆ ధర ఎవరు కట్టాలో చెప్పే ఒప్పందాలు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ బృందాల నిరీక్షణకూ అదే గణితం వర్తిస్తుంది. ధర మాత్రం చాలా కంపెనీల్లో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు. అనుమతుల దగ్గర పని ఆగిపోవడానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

సాఫ్ట్‌వేర్‌తో పరిచయం లేని పాఠకుల కోసం ముందు ఒక్క వివరణ. బ్యాంకు యాప్‌లో చిన్న మార్పు చేశారనుకోండి. డెవలపర్ దాన్ని తన ల్యాప్‌టాప్‌లో నడిపి చూస్తారు. కానీ ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు డేటాబేస్ ఉండదు. డబ్బు బదిలీ చేసే గేట్‌వే ఉండదు, ఓటీపీ పంపే సర్వీసు ఉండదు. వీటన్నిటితో కలిసి మార్పు ఎలా ప్రవర్తిస్తుందో చూడాలంటే అసలు వ్యవస్థను పోలిన నకలు వ్యవస్థ ఒకటి కావాలి. దాన్నే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. పెద్ద కంపెనీల్లో ఇవి మెట్లుమెట్లుగా ఉంటాయి: డెవ్, క్యూఏ, యూఏటీ, స్టేజింగ్. ఆ తర్వాతే ఖాతాదారులు వాడే ప్రొడక్షన్. ఒక్కో మెట్టు మీదకి వెళ్లడానికి ఎవరో ఒకరు సరేననాలి.

అలా సరేనడానికి మనిషిని పెట్టడం వెనుక బలమైన కారణాలే ఉన్నాయి. క్లౌడ్‌లో అద్దె యంత్రం తెరిచి మరిచిపోతే బిల్లు నెలల తరబడి వస్తుంది. అసలు ఖాతాదారుల వివరాలను నకలు వ్యవస్థలోకి కాపీ చేస్తే అవి బయటికి పొక్కే ప్రమాదం ఉంది. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక ఆ భయం ఇంకా పెరిగింది. తాత్కాలికమే కదా అని టెస్ట్ వ్యవస్థకు బలహీనమైన పాస్‌వర్డ్ పెడితే దొంగలు చొరబడడానికి అదే దారవుతుంది. కాబట్టి అప్రూవర్‌ను విలన్‌గా చూపించి ఈ కథ చెప్పడం అన్యాయం. ఆ కుర్చీలో ఎంత చురుకైన మనిషిని కూర్చోబెట్టినా క్యూ పెరగవచ్చు. ఎందుకో గణితం చెబుతుంది.

తొంభై శాతం దగ్గర

కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ అనే డేనిష్ గణితవేత్త 1909లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఎక్స్ఛేంజిలో ఎన్ని లైన్లు ఉంటే కాల్ చేసినవాళ్లకు ఎంత ఇబ్బంది కలుగుతుందన్నది అతని సమస్య. కాల్స్ ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఒక్కో సంభాషణ ఎంతసేపు సాగుతుందో కూడా తెలియదు. రెండూ తెలియకపోయినా సగటు నిరీక్షణను లెక్క కట్టవచ్చని అతను చూపించాడు. క్యూల శాస్త్రం అక్కడ మొదలైంది. టెలిఫోన్ రద్దీని ఇప్పటికీ ఎర్లాంగ్ పేరుతోనే కొలుస్తారు.

ఆ శాస్త్రంలోని అన్నిటికంటే సరళమైన నమూనాను తీసుకుందాం. ఒకే బెర్తు, లేదా ఒకే అప్రూవర్. ఒక్కో పనికి సగటున ఒక రోజు పడుతుంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. ఆ బెర్తు సగం కాలం మాత్రమే నిండి ఉంటే, కొత్తగా వచ్చినది తన వంతు కోసం సగటున ఒక రోజు ఆగాలి. 80 శాతం నిండి ఉంటే 4 రోజులు ఆగాలి. 90 శాతానికి వెళితే 9 రోజులు. 95 శాతానికి 19 రోజులు. పని పెరిగింది 90 నుంచి 95కు, నిరీక్షణ మాత్రం రెండింతలు దాటింది. అప్రూవర్ బద్ధకం పెరగలేదు, పని నెమ్మదించలేదు, ఒక్కో టికెట్‌కు ఇప్పటికీ ఒక్క రోజే పడుతోంది.

ఈ లెక్క మన సహజమైన అంచనాకు అడ్డం తిరుగుతుంది. ఉద్యోగి పూర్తిగా పనిలో మునిగి ఉంటే కంపెనీకి లాభమని మేనేజర్లు అనుకుంటారు. వాళ్ల చేతిలోని ఉద్యోగి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ పదిమంది పని ఆ ఉద్యోగి సంతకం మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ కుర్చీలో కొంత ఖాళీ ఉండి తీరాలి. రేవులు కట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ అంక్టాడ్ 1978లో రేవుల ప్రణాళిక మీద ఒక చేతిపుస్తకం వేసింది. సాధారణ సరుకు దించే చోట ఒకే బెర్తు ఉంటే దాన్ని 40 శాతానికి మించి నింపవద్దని అందులో సూచన ఉంది. రెండు బెర్తులుంటే 50 శాతం, మూడుంటే 55. ఆరు నుంచి పది దాకా ఉంటే 70. కోట్లు పోసి కట్టిన బెర్తును సగానికి పైగా కాలం ఖాళీగా ఉంచమనడం మొదట వింతగా అనిపిస్తుంది. ఓడ ఒక రోజు ఆగితే అయ్యే ఖర్చు బెర్తు ఒక రోజు ఖాళీగా ఉంటే అయ్యే ఖర్చు కంటే ఎన్నో రెట్లు ఎక్కువని తెలిశాక వింత పోతుంది.

బెర్తులు ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ శాతం నింపవచ్చన్న సూచనలో ఇంకో పాఠం ఉంది. ఒకే క్యూ నుంచి ఇద్దరు అప్రూవర్లు టికెట్లు తీసుకుంటున్నారనుకోండి. ఇద్దరూ 90 శాతం పనిలో ఉన్నా సగటు నిరీక్షణ 9 రోజుల నుంచి నాలుగున్నర రోజుల లోపుకు పడిపోతుంది. అదే ఇద్దరినీ ‘నువ్వు ఈ ప్రాజెక్టుకు, నువ్వు ఆ ప్రాజెక్టుకు’ అని విడదీస్తే మళ్లీ తొమ్మిదికి తొమ్మిదీ వచ్చి కూర్చుంటాయి. చాలా ఆఫీసుల్లో జరిగేది రెండోదే.

1961లో బ్రిటిష్ గణితవేత్త జాన్ కింగ్‌మన్ ఈ లెక్కకు మరో ముఖ్యమైన అంశం జోడించాడు. నిరీక్షణను నిర్ణయించేది ఎంత పని వస్తోందన్నది మాత్రమే కాదు, ఎంత ఎగుడుదిగుడుగా వస్తోందన్నది కూడా. తుఫాను హెచ్చరిక వస్తే ఓడల రాకపోకలు ఆగిపోతాయి. వాతావరణం తేరుకోగానే ఆగినవన్నీ ఒక్కసారి వస్తాయి. నెల మొత్తం మీద సగటు మారకపోయినా ఆ వారం రేవు కిటకిటలాడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ తుఫానును క్యాలెండరే తెస్తుంది. స్ప్రింట్ అనే రెండు వారాల పని విడత పెట్టుకున్న అయిదారు బృందాలకు ఒకే గురువారం టెస్టింగ్ పడుతుంది. ఆ రోజు క్యూఏ ఎన్విరాన్‌మెంట్ కోసం అందరూ ఎగబడతారు. తర్వాతి సోమవారం అది ఖాళీగా ఉంటుంది.

అదే 1961లో అమెరికన్ ఆచార్యుడు జాన్ లిటిల్ మరింత సులువైన సూత్రానికి రుజువు ఇచ్చాడు. క్యూలో సగటున ఉన్నవాటి సంఖ్యను, వారానికి వచ్చేవాటి సంఖ్యతో భాగిస్తే సగటు నిరీక్షణ వారాల్లో వస్తుంది. మీ కంపెనీలో వారానికి 20 టికెట్లు వస్తుంటే, ఎప్పుడు చూసినా 30 పెండింగ్‌లో ఉంటే, సగటు నిరీక్షణ వారంన్నర. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, ఖరీదైన టూల్ కొనకుండా, కాగితం మీద ఏ ఉద్యోగైనా వేయగల లెక్క ఇది. అయినా వేసినవాళ్లు అరుదు.

ఇప్పటిదాకా చెప్పింది ఒకే తలుపు గురించి. అసలు ఇబ్బంది తలుపులు వరసగా ఉన్నప్పుడు మొదలవుతుంది. టీమ్ లీడ్, ప్రాజెక్ట్ మేనేజర్, సెక్యూరిటీ, ఇన్‌ఫ్రా. నలుగురిలో ఒక్కొక్కరూ నూటికి 80 టికెట్లను అదే రోజు చూసే మంచి మనుషులే అనుకుందాం. నలుగురి సంతకాలూ అదే రోజు పడే అవకాశం నూటికి 41 మాత్రమే. వారానికోసారి కూర్చునే కమిటీ ఒకటి మధ్యలో ఉంటే సమావేశం కోసమే సగటున మూడున్నర రోజులు పోతాయి. అక్కడ ‘ఈ కాలమ్ నింపలేదు’ అని తిప్పి పంపితే ఇంకో పూర్తి వారం. టికెట్ మీద నలుగురు కలిపి నిజంగా ఆలోచించిన సమయం అరగంట దాటకపోవచ్చు.

దాచుకునే అలవాటు

క్యూ పొడవు పెరిగాక మనుషుల ప్రవర్తన మారుతుంది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ దొరకడానికి పది రోజులు పడుతుందని తెలిసినవాళ్లు, దొరికినదాన్ని పని అయిపోయినా వదలరు. ‘మళ్లీ కావలసి వస్తే?’ అని పేరు మార్చి ఉంచేసుకుంటారు. అవసరం లేకపోయినా ముందే ఒక టికెట్ పెట్టి ఉంచుతారు. దాంతో క్యూ ఇంకా పొడవవుతుంది. ఖర్చు పెరిగిందని పైవాళ్లు ఇంకో అప్రూవల్ చేరుస్తారు. దాచుకోవడం ఇంకా పెరుగుతుంది.

ఇంతకంటే నష్టం చేసేది మూటకట్టడం. ఒక్కో మార్పుకు ఇంత నిరీక్షణ తప్పదంటే, ఇరవై మార్పులు కలిపి ఒకేసారి పరీక్షకు తీసుకెళ్లడమే తెలివైన పనిగా కనిపిస్తుంది. మూట పెద్దదైతే దానిలో తప్పు ఎక్కడుందో వెతకడం కష్టం. ఇరవైలో ఏ ఒక్కటి చెడినా మిగతా పంతొమ్మిదీ ఆగుతాయి. రిలీజ్ రాత్రి ఏదో విరుగుతుంది. అప్పుడు, ఇంకా జాగ్రత్తగా ఉండాలి అంటూ మరో సంతకం వచ్చి చేరుతుంది. నిదానంగా ఉండడం వల్ల భద్రత వస్తుందనుకుని పెట్టిన తలుపే ప్రమాదాన్ని పెంచే పరిస్థితి ఇది.

రేవుల చరిత్రలో దీనికి ఒక భయంకరమైన ఉదాహరణ ఉంది. 1975లో నైజీరియా ప్రభుత్వం తన రేవులు దించగలిగినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ సిమెంటుకు ఆర్డర్లు ఇచ్చింది. లాగోస్ రేవు ముందు నాలుగు వందలకు పైగా ఓడలు బారులు తీరాయి. ఆలస్యానికి రోజుకింత కడతామని ఒప్పందాల్లో రాసి ఉండడంతో, సిమెంటు కంటే నిరీక్షణే లాభసాటి అనుకుని వచ్చిన ఓడలు కూడా ఆ వరసలో చేరాయి. నెలల తరబడి సముద్రపు తేమకు ఓడల్లోనే సిమెంటు గట్టిపడిపోయింది.

క్యూను కళ్లకు కనబడకుండా చేయడం కూడా మనుషులకు అలవాటే. 2021 చివర్లో లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ రేవుల ముందు వందకు పైగా కంటైనర్ ఓడలు నిలిచిపోయాయి. ఆ నవంబరులో క్యూ పద్ధతి మార్చారు. ఓడ బయలుదేరిన సమయాన్ని బట్టి దానికి వంతు ఇచ్చారు, దాంతో అది దూరంగా నడిసముద్రంలోనే నెమ్మదిగా రాగలిగింది. ఒడ్డు దగ్గర రద్దీ, పొగ తగ్గాయి. అది మంచి మార్పే. కానీ వరస చెరిగిపోలేదు, దూరానికి జరిగింది. టికెట్ సిస్టమ్‌లో ‘సమాచారం కోసం వేచి ఉన్నాం’ అనే కొత్త స్టేటస్ ఒకటి పెట్టి పెండింగ్ అంకెను తగ్గించే ఆఫీసుల్లో ఈ దూరం జరపడమే, ఆ మంచి కూడా లేకుండా, జరుగుతోంది.

గంటకో ధర

ఓడల వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. ఓడ రేవుకు చేరగానే కెప్టెన్ ‘పనికి సిద్ధంగా ఉన్నాం’ అని లిఖితపూర్వకంగా నోటీసు ఇస్తాడు. ఒప్పందం ప్రకారం అక్కడి నుంచి గడియారం మొదలవుతుంది. సరుకు దించడానికి ఇన్ని రోజులని ముందే రాసుకుని ఉంటారు. అది దాటితే ఓడను కిరాయికి తీసుకున్నవాళ్లు రోజుకింత చొప్పున డెమరేజ్ కట్టాలి. గడువుకంటే ముందే ముగిస్తే, ఒప్పందంలో ఉంటే, ఓడ యజమానే కొంత తిరిగిస్తాడు. వాన పడిన గంటలు లెక్కలోకి వస్తాయా, సెలవు రోజులు వస్తాయా అన్న ప్రశ్నలమీద ప్రపంచమంతా కోర్టు తీర్పులున్నాయి.

ఈ పద్ధతివల్ల నిరీక్షణకు తారీఖు, గంట, రూపాయలు, బాధ్యుడు ఏర్పడ్డాయి. అందుకే స్టీమర్ ఏజెంట్లు బెర్తింగ్ సమావేశంలో గంటల కోసం వాదిస్తారు. అందుకే మన ప్రధాన రేవులు బెర్తు దొరికేదాకా పట్టిన సమయాన్నీ, ఓడ వచ్చి వెళ్లడానికి పట్టిన మొత్తం సమయాన్నీ విడివిడిగా లెక్కగట్టి ఏటా ప్రచురిస్తాయి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ తొలిసారి వచ్చిననాటికి విశాఖ రేవులో ఉన్నవి 3 బెర్తులు, ఏడాదికి 1.3 లక్షల టన్నుల సామర్థ్యం. 2023-24లో ఆ రేవు 8 కోట్ల టన్నులు దాటింది. ఆరు వందల రెట్లకు పైమాటే. బెర్తులు ఆరు వందల రెట్లు పెరగలేదు. 1976లో వచ్చిన ఔటర్ హార్బరు, పెద్ద ఓడలు, యంత్రాలు, వీటన్నిటితో పాటు ఒక్కో ఓడ రేవులో గడిపే గంటలను కోసుకుంటూ రావడం వల్ల ఆ అంకె సాధ్యమైంది. ప్రపంచ బ్యాంకు కంటైనర్ రేవుల పనితీరు సూచీలో విశాఖ 2022లో 115వ స్థానంలో ఉండి 2023కు 19వ స్థానానికి వచ్చింది. ఆ సందర్భంగా కేంద్రం ప్రకటించిన అంకెల్లో ఓడ వచ్చి వెళ్లే సమయం 21.4 గంటలు. ఒక కంటైనర్ ఓడ విశాఖకు వచ్చి, వందల పెట్టెలు దించి, ఎక్కించుకుని, వెళ్లిపోవడానికి ఒక పగలూ రాత్రీ చాలుతోంది. అంతకంటే ఎక్కువ కాలం ఒక టెస్ట్ సర్వర్ కోసం ఎదురుచూసిన ఇంజనీర్లు ఈ దేశంలో వేలల్లో ఉంటారని నేను ధైర్యంగా అనగలను.

సాఫ్ట్‌వేర్‌లో డెమరేజ్ లేదు. ఉంటే ఎంత ఉండేదో ఊహించి లెక్క వేద్దాం. ఆరుగురి బృందం, ఒక్కొక్కరి మీద కంపెనీకి నెలకు లక్ష రూపాయల ఖర్చు. నెలకు 22 పనిదినాలు. రోజుకు 27 వేలు. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ రాక పనిలో సగమే ఆగిందనుకున్నా రోజుకు 13 వేలకు పైగా నీళ్లపాలు. వాళ్లు అడిగిన ఎన్విరాన్‌మెంట్‌కు మూడు మధ్యరకం క్లౌడ్ యంత్రాలు కావాలనుకుంటే వాటి అద్దె రోజుకు పదిహేను వందల చిల్లర. పదిహేను వందలు వృథా కాకుండా చూడడానికి పదమూడు వేలు పోగొడుతున్నామన్నమాట. ఈ పదమూడు వేలు జీతాల పద్దులో కలిసిపోతాయి. ఆ పదిహేను వందలు క్లౌడ్ బిల్లులో విడిగా, పేరుతో సహా వస్తాయి. ఏది కనబడితే దాన్నే తగ్గించమంటారు. ఉత్పత్తుల రూపకల్పన గురించి డొనాల్డ్ రైనర్ట్‌సెన్ 2009లో వెలువరించిన పుస్తకంలో ఈ మాటనే గట్టిగా చెప్పాడు: కర్మాగారంలో పేరుకున్న సరుకు కళ్లకు కనబడుతుంది, ఆస్తిపట్టీలోకి ఎక్కుతుంది. రూపకల్పన పనిలో పేరుకున్న సరుకు సమాచారం కాబట్టి ఎక్కడా కనబడదు.

ఆగిన పని పేరుకోవడమే కాదు, చల్లబడుతుంది కూడా. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటిలో కరిగిన ఇనుమును టార్పిడో లేడిల్ అనే పొడవాటి బండ్లలో పోసి, పట్టాల మీద ఉక్కు కరిగించే విభాగానికి తీసుకెళతారు. అక్కడ ఏదో మరమ్మతు జరుగుతోందని ఇనుమును రోజులతరబడి ఆపడం కుదరదు, బండిలోనే గడ్డకడుతుంది. ఫర్నేసును ఆపడం అంతకంటే కష్టం. కాబట్టి ఆ ఇనుమును దిమ్మలుగా పోసే పిగ్ కాస్టింగ్ యంత్రాలను పక్కన సిద్ధంగా ఉంచుతారు. ఆగిపోయే రోజు వస్తుందని కర్మాగారం గీసినప్పుడే తెలుసు, దారి ముందే వేసి ఉంచారు. డెవలపర్ బుర్రలోని పనికి అంత స్పష్టమైన ఉష్ణోగ్రత లేకపోయినా చల్లబడడం దానికీ ఉంది. తొమ్మిది రోజుల తర్వాత టెస్టర్ ‘ఇక్కడ తప్పొస్తోంది’ అన్నప్పుడు, ఆ ఫైల్ ఎందుకలా రాశానో గుర్తు చేసుకోవడానికే పూట గడిచిపోతుంది. ఈలోగా వేరే పని చేపట్టి ఉంటారు కాబట్టి అదీ ఆగుతుంది.

అనుమతి తలుపు ఎంత గట్టిదైతే అంత భద్రత అనే నమ్మకాన్ని పరిశీలించిన అధ్యయనాలు ఉన్నాయి. నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ 2018లో ‘యాక్సిలరేట్’ పేరుతో ప్రచురించిన పుస్తకంలో వేలాది మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సర్వేల ఫలితాలున్నాయి. ప్రొడక్షన్ మార్పులకు బృందం బయటి కమిటీయో అధికారియో అనుమతివ్వాల్సిన చోట పని పూర్తయ్యే కాలం, రిలీజుల సంఖ్య, చెడినదాన్ని బాగుచేసే వేగం, మూడూ దిగజారి కనిపించాయి. మార్పులు విఫలమయ్యే శాతంతో మాత్రం ఆ అనుమతులకు సంబంధమే కనబడలేదు. ఇది ప్రొడక్షన్ అనుమతుల గురించిన ఫలితం, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్లకు నేరుగా అన్వయించలేం. కానీ వాళ్ల మరో ఫలితం మన విషయానికి సూటిగా తగులుతుంది. అన్ని వ్యవస్థలూ కలిపిన ఉమ్మడి ఎన్విరాన్‌మెంట్ అవసరం లేకుండానే ఎక్కువ భాగం పరీక్షలు చేసుకోగల బృందాలు ముందున్నాయి. గేట్‌వేలాగా జవాబిచ్చే చిన్న నకిలీ ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టుకుంటే నూటికి ఎనభై పరీక్షలకు క్యూలో నిలబడే పనే ఉండకపోవచ్చు.

నకలు వ్యవస్థ సరిగ్గా లేకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఖాతాదారులకు తెలుసు. 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు తన ఖాతాలన్నిటినీ కొత్త సాఫ్ట్‌వేర్ మీదకి మార్చింది. లక్షలాది మంది తమ డబ్బు తాము చూసుకోలేకపోయారు. తర్వాత జరిగిన స్వతంత్ర విచారణలో తేలిన విషయాల్లో ఒకటి: బ్యాంకు వాడబోయే రెండు డేటా సెంటర్లలో ఒక్కదాని మీదే కొన్ని కీలక పరీక్షలు జరిగాయి. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు టీఎస్‌బీకి 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. ఆ కథను నేను ఇక్కడ చెప్పడానికి కారణం ఒక్కటే. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌ను ఖర్చు పద్దుగా మాత్రమే చూసేవాళ్ల చేతిలో అనుమతి అధికారం ఉంటే, వాళ్లు తగ్గించేది పరీక్షలనే.

కస్టమ్స్ చేసి చూపించినది

తలుపులు తీసేయమని నేను అనడం లేదు. రేవులోనే ఇంకో గేటు ఉంది, దాన్ని తీసేయాలని ఎవరూ అనరు. అది కస్టమ్స్. ఒకప్పుడు దిగుమతి సరుకు ప్రతిదాన్నీ అధికారి కాగితాల్లో చూసి, పన్ను లెక్కకట్టి, అనుమానమున్నా లేకున్నా తనిఖీ చేసి వదలాల్సి వచ్చేది. సరుకు పెరిగేకొద్దీ అది అసాధ్యమైంది. 2005లో భారత కస్టమ్స్ రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ తెచ్చింది. కంప్యూటర్ నియమాల ప్రకారం వడబోసి, ప్రమాదం తక్కువున్న సరుకును తనిఖీ లేకుండా వదిలేస్తుంది, అనుమానాస్పదమైనదాన్ని అధికారికి పంపుతుంది. 2011లో దిగుమతిదారే తన పన్ను తాను లెక్కకట్టుకునే పద్ధతి వచ్చింది. సరుకు వెళ్లిపోయాక దస్త్రాలు ఆడిట్ చేస్తారు. దొంగసరుకు పట్టుకునే అధికారం ఎక్కడికీ పోలేదు. అధికారి కళ్లు నిజంగా చూడవలసిన పెట్టెల మీదకి మళ్లాయి.

టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ల విషయంలో ఇదే చేయడానికి కావలసిన సామగ్రి ఇప్పటికే చేతిలో ఉంది. అమెజాన్ 2006లో గంటలెక్కన కంప్యూటర్లు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2013లో డాకర్, 2014లో టెర్రాఫామ్ అనే సాఫ్ట్‌వేర్ సాధనాలు వచ్చాయి. ఎన్విరాన్‌మెంట్ ఎలా ఉండాలో ఒక ఫైల్‌లో రాసిపెడితే యంత్రమే దాన్ని నిమిషాల్లో కట్టి, పని కాగానే కూల్చేస్తుంది. సెక్యూరిటీ వాళ్లు ఆ ఫైల్‌ను ఒకసారి క్షుణ్ణంగా చూసి సరేనంటే చాలు. దాని నుంచి పుట్టే వెయ్యి ఎన్విరాన్‌మెంట్లకు వెయ్యి సంతకాలు అక్కర్లేదు. ప్రతి బృందానికీ నెలకు ఇంత ఖర్చు అనే పరిమితి పెట్టవచ్చు. ఎవరూ పొడిగించకపోతే 48 గంటల్లో దానంతటదే ఆరిపోయేలా చేయవచ్చు. మరిచిపోయిన యంత్రాల బిల్లుకు అదే మందు. ఎవరు, ఎప్పుడు, ఏది తెరిచారో రికార్డు ఉంటుంది కాబట్టి తర్వాత ఆడిట్ చేసుకోవచ్చు. దొరకడం సులువయ్యాక దాచుకోవడానికి కారణమూ పోతుంది.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతామని ప్రకటించింది. అది వస్తే ఈ ఊళ్లో ఉండే కంప్యూటర్ల శక్తి ఊహకు అందనంత పెరుగుతుంది. కానీ బయట ఎన్ని యంత్రాలున్నా, సంతకం పెట్టే కుర్చీ ఒక్కటే అయినప్పుడు, ఆ కుర్చీ 95 శాతం నిండి ఉన్నప్పుడు, నిరీక్షణ అదే 19 రోజులు. క్యూ ఎక్కడుందో చూడకుండా వేరేచోట సామర్థ్యం పెంచడం వల్ల వచ్చేదేమీ లేదు.

ఇంత చేశాక కూడా మనిషి ఆలోచించి తీరవలసిన టికెట్ ఒకటి మిగులుతుంది: ‘అసలు ఖాతాదారుల డేటా కాపీ కావాలి’ అన్నది. దాన్ని ఆపాల్సిందే. కానీ డెవలపర్లు దాన్ని ఎందుకు అడుగుతున్నారో కూడా కనుక్కోవాలి. ఎక్కడో తయారైన నకిలీ డేటాలో పేర్లన్నీ రెండు ముక్కల్లో ఉంటాయి, ఇంటిపేరు చివర వస్తుంది. మన పేరులో ఇంటిపేరు ముందుంటుంది, తరచూ ఒకే పొడి అక్షరంగా కుదించుకుని. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా ఉంటుంది. విశాఖ ఇంటి నంబరులో మూడు అంకెలు, వాటి మధ్య అడ్డగీతలు, చివర ఒక్కోసారి ఏటవాలు గీత, దాని తర్వాత ఇంకో అంకె. నకిలీ డేటాతో చక్కగా పాసైన ఫారం ఇలాంటి పేరు, ఇలాంటి చిరునామా తగలగానే విరిగిపోతుంది. ఆ దెబ్బ ఒకసారి తిన్న బృందం తర్వాతెప్పుడూ అసలు డేటానే అడుగుతుంది, అది ఇవ్వడానికి సెక్యూరిటీ వాళ్లు వారాలు తీసుకుంటారు, రెండు పక్షాలదీ న్యాయమే. ఇద్దరు ముగ్గురు ఒక నెల కూర్చుని, మన పేర్ల తీరు, మన చిరునామాల తీరు, ఒకే ఫోన్ నంబరు మీద ఇంటిల్లిపాది ఖాతాలు నడిచే తీరు తెలిసిన కల్పిత డేటాను తయారు చేస్తే, ఆ టికెట్లలో చాలా భాగం రాయవలసిన అవసరమే ఉండదు. ఆ నెల రోజుల పని ఎవరి బడ్జెట్‌లో రాయాలన్నది ఇప్పటికి చాలా ఆఫీసుల్లో తేలని ప్రశ్న.